తాగుడు మానితే తగ్గుతుందా, తగ్గితే తాగుడు మానుతాడా

వరంగల్, హన్మకొండ ప్రాంతాల్లో స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు కమ్ముకోవడం లాంటి లక్షణాల జబ్బు) ఉన్న కొడుకునో తమ్ముడినో వెంటబెట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చే కుటుంబం, ఆ మనిషికి మత్తు అలవాటు కూడా ఉంటే, దాదాపు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతుంది: “తాగుడు వల్ల గిట్లయిండా సారూ, గిట్లయినందుకు తాగుతుండా?” ప్రశ్న సహజమైనదే. జవాబు దొరికితే తప్పు ఎవరిదో, ముందు దేనికి వైద్యం చేయించాలో తేలిపోతుందని ఇంటివాళ్ల ఆశ. చాలామంది విషయంలో ఆ జవాబు నెలల తరబడి తేలదు. కొందరిలో ఎప్పటికీ తేలదు. అది తేలేదాకా రెండింటిలో ఒకదాని వైద్యం ఆపి ఉంచితే జరిగే నష్టం మాత్రం ఖాయం.

తీవ్ర మానసిక జబ్బులంటే ఇక్కడ ముఖ్యంగా స్కిజోఫ్రీనియా, విపరీతమైన ఉద్రేకమూ దిగులూ విడతలుగా వచ్చే బైపోలార్ డిజార్డర్, మనిషిని మంచానికి అతికించేంత తీవ్రమైన డిప్రెషన్. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో సుమారు 1.9 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి తీవ్రమైన జబ్బు బారిన పడినవారే. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. ఈ జబ్బులున్నవారిలో మత్తు సమస్య ఎంతమందికి ఉంటుందన్న లెక్కల్లో అందరూ ఉదహరించేది అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వేను. 1990లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో 47 శాతం మందికి, బైపోలార్ ఉన్నవారిలో 56 శాతం మందికి జీవితంలో ఏదో ఒక దశలో మద్యమో డ్రగ్సో వ్యసనంగా మారాయి. ఈ అంకెలను తెచ్చి మన మీద అతికించుకోకూడదు. అక్కడి మత్తు పదార్థాలు వేరు, తాగుడును సమాజం చూసే తీరు వేరు. అయితే మిగతా జనంతో పోలిస్తే ఈ రోగుల్లో మత్తు అలవాటు ఎక్కువన్న విషయం దేశం తర్వాత దేశంలో రుజువవుతూనే ఉంది.

ఉత్తర తెలంగాణ వరకు ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఇక్కడి ఊళ్లలో ఆడవాళ్లూ కల్లు తాగుతారు. అది తాగుడు కింద లెక్కకు రాదు గనుక ఆసుపత్రిలో ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. ఆడ రోగుల కేస్ షీట్లలో “అలవాట్లు: లేవు” అని రాసి ఉన్నంత మాత్రాన దాన్ని నమ్మడానికి లేదు.

ఎందుకు తాగుతారు

బాగా ప్రచారంలో ఉన్న వివరణ, రోగి తన బాధకు తానే మందు వెతుక్కుంటున్నాడన్నది. అమెరికన్ మానసిక వైద్యుడు ఎడ్వర్డ్ ఖంట్జియన్ 1985లో ఈ వాదాన్ని స్పష్టమైన రూపంలో ముందుకు తెచ్చాడు. చెవిలో మాటలు వినిపిస్తూ రాత్రంతా నిద్ర పట్టనివాడు ఒక క్వార్టర్ తాగి పడుకుంటాడు. మందుల వల్ల కాళ్లు ఒకచోట నిలవనివ్వని అశాంతి కలిగినవాడు బీడీ మీద బీడీ కాలుస్తాడు. ఇందులో నిజం ఉంది. కానీ ఈ వాదమే మొత్తం సంగతి చెప్పేదైతే, ఏ లక్షణం ఎక్కువగా ఉన్నవారు దానికి తగిన మత్తునే ఎంచుకోవాలి. పరిశోధనల్లో అది కనిపించలేదు. ఎంచుకునేది చాలావరకు ఆ ఊళ్లో చౌకగా దొరికేదాన్నే.

మరో వివరణ మెదడు నిర్మాణం నుంచి వస్తుంది. ఆనందాన్ని, ప్రతిఫలాన్ని గుర్తించే డోపమైన్ వలయాలు స్కిజోఫ్రీనియాలో ముందునుంచే దెబ్బతిని ఉంటాయి గనుక, జబ్బూ వ్యసనమూ ఒకే వేరు నుంచి వచ్చిన రెండు కొమ్మలు కావచ్చునన్నది దాని సారాంశం. దీనికి తోడు, ఈ రోగుల మెదడు కొద్దిపాటి మత్తుకే ఎక్కువగా చెదిరిపోతుందని అమెరికన్ పరిశోధకుడు కిమ్ మ్యూసర్ బృందం చెప్పింది. “రెండు సీసాలే కదా తాగింది, ఆయనతో కూర్చున్నోళ్లు ఆరేసి తాగిండ్రు” అని ఇంటివాళ్లు ఆశ్చర్యపోయే చోట ఈ వివరణ అక్కరకొస్తుంది. మామూలు కొలతల్లో తాగుబోతు అనిపించుకోని మోతాదే ఇతన్ని వారం రోజుల్లో ఆసుపత్రికి చేర్చగలదు.

నా అంచనాలో మన దగ్గర ఎక్కువ బరువు పెట్టాల్సింది మూడోదాని మీద. జబ్బుపడిన మనిషికి పని పోతుంది, పెళ్లి కాదు లేదా నిలవదు, దోస్తులు తప్పుకుంటారు. పెళ్లి దావత్‌లో అతన్ని ఓ మూలన కూర్చోబెడతారు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీగా బస్తాలు మోసినవాడు, రోజూ పది మందితో చాయ్ తాగినవాడు, జబ్బు తర్వాత పొద్దంతా ఇంటి అరుగు మీద ఒక్కడే కూర్చుంటాడు. అతన్ని ఎవరూ లేచిపొమ్మనని చోటు ఊళ్లో ఒక్కటే మిగులుతుంది. అది ఊరవతలి కల్లు మండువ, లేదా కిరాణా కొట్టు వెనకాల నడిచే బెల్టు షాపు. ఎందుకు తాగుతున్నావని సర్వేల్లో అడిగినప్పుడు ఈ రోగులు చెప్పే కారణాలు తక్కినవాళ్లు చెప్పే కారణాల్లాగే ఉంటాయి: పొద్దు పోవడం లేదని, నలుగురితో కూర్చోవచ్చని, రంది మరిచిపోవచ్చని. కాబట్టి సీసా ఒక్కటీ లాక్కుంటే అతనికి మిగిలిన ఆ ఒక్క సావాసమూ పోతుంది, దాని స్థానంలో ఏమీ రాదు.

గంజాయి విషయం వేరు

మద్యం చాలావరకు ఉన్న జబ్బును ముదరబెడుతుంది. గంజాయి మాత్రం జబ్బును తెచ్చిపెట్టగలదన్న ఆధారాలు బలంగా ఉన్నాయి. స్వీడన్‌లో సైనిక నమోదుకు వచ్చిన 45,570 మంది యువకులను 15 ఏళ్ల పాటు పరిశీలించిన అధ్యయనం 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ వయసుకే 50 సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా ముప్పు వాడనివారితో పోలిస్తే 6 రెట్లుగా తేలింది. తర్వాతి పరిశోధనలు ఈ రెట్లను కాస్త తగ్గించాయి గానీ, దిశను మార్చలేదు. వయసు ఎంత చిన్నదైతే, పదార్థంలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎంత ఎక్కువైతే, రోజువారీ వాడకం ఎంత క్రమం తప్పకుండా ఉంటే, ముప్పు అంత పెరుగుతుంది. గంజాయి తాగే అందరికీ పిచ్చి పట్టదన్నది కూడా అంతే నిజం. వంశంలో ఈ జబ్బు ఉన్నవారు ఎక్కువ భయపడాలి.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి భద్రాచలం, మహబూబాబాద్ మీదుగా రోడ్డునో, కాజీపేట జంక్షన్ మీదుగా రైలునో పట్టుకుని వెళ్తుంది గనుక, ఈ దారిలోని పట్టణాల్లో హాస్టల్ కుర్రాళ్లకు అది అందడం కష్టమేమీ కాదు. మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కేసవుతుందన్న భయంతో తల్లిదండ్రులు వైద్యుడికి గంజాయి సంగతి దాస్తుంటారు. అదే చట్టంలోని 64ఏ సెక్షన్, తనకు తానుగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసుల్లో, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

కల్లులో కలిసేది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాల్సిన విషయం కల్తీ కల్లు. ఉన్న తాటి, ఈత చెట్లకు, అమ్ముడుపోయే కల్లుకు పొంతన లేని చోట్ల, నీళ్లలో శాకరిన్‌తో పాటు మత్తు మందులు కలుపుతారు. పేపర్లలో డైజోఫాం, అల్ఫాజోలం అని కనిపించేవి డయజెపామ్, అల్ప్రాజోలం. వాటితో పాటు క్లోరల్ హైడ్రేట్. నిద్రకూ ఆందోళనకూ డాక్టర్లు చీటీ రాసిచ్చే మందులే ఇవి. కల్లు సీసాలో మోతాదు ఎంతో తాగేవాడికే కాదు, కలిపేవాడికీ సరిగా తెలియదు. 2015లో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులకు, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరసకట్టారు. కల్లు దొరక్క వాళ్లకు ఫిట్స్ వచ్చాయి, వణుకు వచ్చింది, ఏవేవో మాట్లాడారు.

ఇప్పుడు స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి రోజూ అలాంటి కల్లు నాలుగు సీసాలు తాగుతున్నాడనుకుందాం. డిపో మూతపడింది, లేదా ఇంటివాళ్లు గదిలో పెట్టి తాళం వేశారు. రెండు మూడు రోజులకు అతనికి నిద్ర పూర్తిగా పోతుంది, చెమటలు పడతాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఎవరో వచ్చి నిలబడ్డారంటాడు. ఇంటివాళ్లకు ఇది పాత జబ్బు తిరగబెట్టినట్టే కనిపిస్తుంది. కల్లు సంగతి చెప్పకపోతే డాక్టరుకూ అలాగే కనిపిస్తుంది. సైకోసిస్ (లేనివి వినిపించే, కనిపించే, లేనిపోనివి నమ్మే స్థితి) మందు మోతాదు పెరుగుతుంది. అసలు అతనికి కావలసింది ఆగిపోయిన మత్తు మందు జాతికే చెందిన ఔషధాన్ని కొలతగా ఇచ్చి, రోజురోజుకూ తగ్గించుకుంటూ రావడం. సైకోసిస్ మందుల్లో కొన్ని, ముఖ్యంగా క్లోజపిన్, క్లోర్‌ప్రోమజైన్, ఫిట్స్ సులువుగా వచ్చేలా చేస్తాయి గనుక, ఆ పొరపాటు కేవలం వృథా వైద్యంతో ఆగదు.

సారా, విస్కీ తాగేవాళ్లలోనూ ఇదే గందరగోళం వేరే గడియారం మీద నడుస్తుంది. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు మొదలై, తొలి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉండి, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య తెలివి తప్పిన సంధి స్థితి రావచ్చు. దీన్ని గాలి సోకడంగా భావించి మంత్రాలకు తీసుకుపోయిన ఇళ్లు ఎన్నో. సంధి స్థితిలో ఉన్నవాడికి తాను ఎక్కడున్నాడో, ఇది పగలో రాత్రో తెలియదు. స్కిజోఫ్రీనియాలో మాటలు వినిపిస్తున్నవాడికి సాధారణంగా ఆ తెలివి ఉంటుంది. ఇంటివాళ్లు గమనించి చెప్పగలిగిన తేడాల్లో చాలా విలువైనది ఇది. సంధి స్థితిని ఇంట్లో ఉంచుకోకూడదు. థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్‌తో సహా ఆసుపత్రి వైద్యం వెంటనే కావాలి.

బీడీ పొగ, గోలీ మోతాదు

పొగాకును మత్తు జాబితాలో మనం వేయం. మానసిక రోగికి బీడీ కట్ట ఇచ్చి కుదురుగా కూర్చోబెట్టడం ఇళ్లలోనూ వార్డుల్లోనూ మామూలే. తీవ్ర మానసిక జబ్బున్నవారు తక్కినవారికంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని, అందుకు ప్రధాన కారణం గుండె, ఊపిరితిత్తుల జబ్బులని తెలిసినప్పుడు ఈ ఉదారత అంత ముచ్చటగా అనిపించదు.

దీనిలో మరో మెలిక ఉంది. పొగలోని రసాయనాలు కాలేయంలో సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ను చురుకెక్కిస్తాయి. ఓలాంజపిన్, క్లోజపిన్ మందులను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అంటే బీడీలు బాగా కాల్చేవాడి రక్తంలో క్లోజపిన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిపోవచ్చు. అదే మనిషి వార్డులో చేరి, పొగ బంద్ చేస్తే వారం తిరిగేలోపు అదే మోతాదు గోలీతో రక్తంలో మందు పెరిగిపోయి విపరీతమైన మగత, ఫిట్స్ రావచ్చు. ఈ పని చేసేది పొగ, నికోటిన్ కాదు. అందుకే అంబర్ లాంటి నమిలే పొగాకు, గుట్కా వాడేవారిలో ఈ ప్రభావం ఉండదు. రిస్పెరిడోన్‌కు కూడా ఈ బెడద లేదు. కాబట్టి రోజుకు ఎన్ని బీడీలో చెప్పడం, ఈ మధ్య తగ్గించాడో పెంచాడో చెప్పడం, మోతాదు నిర్ణయించే డాక్టరుకు నేరుగా పనికొచ్చే సమాచారం.

తాగిన రోజు గోలీ

ఉత్తర తెలంగాణలో మందులు ఆగిపోయే కాలం అంటూ ఒకటుంటే అది దసరా. తాగిన రోజు గోలీ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని అందరూ నమ్ముతారు. కొందరు డాక్టర్లూ అలాగే చెప్పి పంపిస్తారు. పండుగకు మూడు రోజులు, ఆ వెంటనే చుట్టాల ఇంట్లో దావత్‌కు మరో రెండు రోజులు గోలీలు పక్కకు పోతాయి. మొదటి వారం ఏమీ కానట్టే ఉంటుంది. అదే ఇబ్బంది, ఎందుకంటే గోలీ లేకపోయినా ఫర్వాలేదని అందరికీ ధైర్యం వస్తుంది. జబ్బు దీపావళి నాటికి తిరగబెడుతుంది, అప్పటికి దసరాతో దానికున్న లంకె ఎవరికీ గుర్తుండదు.

ఈ సలహాను మందు మందుకూ విడదీసి చెప్పాలి. లోరాజెపామ్, క్లోనాజెపామ్ లాంటి నిద్ర గోలీలను మద్యంతో కలపడం నిజంగా ప్రమాదం, ఊపిరి మందగిస్తుంది. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వేసుకునేవారు తాగి, ఒంట్లో నీరు తగ్గి, వాంతులు చేసుకుంటే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. సైకోసిస్‌కు వాడే చాలా మందులతో మద్యం కలిస్తే మగత ఎక్కువవుతుంది, రక్తపోటు పడిపోవచ్చు. అది మంచిది కాదు గానీ, రోజుల తరబడి గోలీ మానేయడం అంతకంటే పెద్ద నష్టం. కనుక “తాగితే ఏ గోలీ ఆపాలి, ఏది ఆపొద్దు” అన్న ప్రశ్నను పండుగకు ముందే తమ డాక్టరును అడిగి, చీటీ వెనక రాయించుకోవాలి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఫ్లూఫెనజీన్, హాలోపెరిడాల్ డెకనోయేట్ సూదులు ఇలాంటివారికే ఎక్కువ ఉపయోగం. పండుగ తేదీ, జాతర తేదీ ముందే తెలుసు గనుక సూది తేదీని దానికి తగ్గట్టు అమర్చుకోవచ్చు.

మరో అలవాటు గురించి కటువుగానే చెప్పాలి. బస్టాండు గోడల మీద కనిపించే “రోగికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం” ప్రకటనలు నమ్మి, లేదా మందుల షాపులో డైసల్ఫిరామ్ అడిగి తెచ్చి, తల్లులూ భార్యలూ పప్పులోనో పెరుగులోనో కలుపుతుంటారు. డైసల్ఫిరామ్ మీద మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. అరుదుగా ప్రాణం పోతుంది. పైగా అది సైకోసిస్‌ను పెంచగల మందు. వీటన్నిటికీ మించి, తిండిలో తనకు ఏదో కలుపుతున్నారని ముందే అనుమానిస్తున్న మనిషికి ఆ అనుమానాన్ని నిజం చేసి చూపించడమవుతుంది. ఆ తర్వాత అతను ఇంట్లో తిండే ముట్టకపోతే, గోలీ చేతిలో పెడితే విసిరికొడితే, తప్పు జబ్బుదే అనడం కష్టం.

కొట్టడాలు, గొడవల భయం కూడా ఈ కోణంలోనే చూడాలి. స్వీడన్‌లో 8,003 మంది స్కిజోఫ్రీనియా రోగుల నేర రికార్డులను పరిశీలించిన 2009 నాటి అధ్యయనంలో, మత్తు వ్యసనం కూడా ఉన్నవారికి హింసాత్మక నేరం ముప్పు సాధారణ జనంతో పోలిస్తే 4.4 రెట్లు, వ్యసనం లేనివారిలో 1.2 రెట్లు మాత్రమే. అంటే ఊళ్లో పిచ్చివాడంటే ఉన్న భయంలో అధిక భాగం జబ్బుకు చెందనే చెందదు.

ఏది ముందన్న ప్రశ్నకు వైద్యంలో ఉన్న చోటు

ఆ ప్రశ్న పనికిరానిదేమీ కాదు. మత్తు ఆగిన నెల రోజుల తర్వాత కూడా మాటలు వినిపించడం, అనుమానాలు కొనసాగితే, అది మత్తు వల్ల వచ్చిన తాత్కాలిక సైకోసిస్ కాదని వైద్యులు భావిస్తారు. చిక్కల్లా నెల రోజులు మత్తు లేకుండా ఉండే రోగి దొరకడమే. అందుకే పాత సంగతులు ముఖ్యం: చదువు ఎప్పుడు ఆగింది, మొదటిసారి వింతగా ఎప్పుడు మాట్లాడాడు, తాగడం ఎప్పుడు మొదలుపెట్టాడు, మధ్యలో తాగని నెలలు ఉంటే అప్పుడెలా ఉన్నాడు. ఇవన్నీ ఒక కాగితం మీద ఏళ్ల వారీగా రాసుకొచ్చిన కుటుంబం డాక్టరు పనిని సగం తేలిక చేస్తుంది.

తాత్కాలికం అని తేలినా నిశ్చింతగా ఉండలేం. డెన్మార్క్‌లో 2018లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం, మత్తు వల్ల సైకోసిస్ వచ్చిన వారిలో 32 శాతం మంది తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రీనియాకో బైపోలార్‌కో చేరుకున్నారు. గంజాయి వల్ల వచ్చినవారిలో ఇది 47 శాతం. “గంజాయి దిగంగనే మంచిగైతడు” అని డిశ్చార్జి చేయించుకుపోయిన కుర్రాణ్ణి కొన్నేళ్ల పాటు గమనిస్తూ ఉండాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

రెండు తలుపులు

డీ-అడిక్షన్ సెంటర్లో “ఇతనికి మానసిక జబ్బుంది, ముందు సైకియాట్రిస్టుకు చూపించండి” అంటారు. మానసిక వార్డులో “తాగుడు మానేశాక రండి” అంటారు. ఎవరి మాట వాళ్లకు సబబుగానే ఉంటుంది, రోగి మాత్రం బస్టాండులో ఉంటాడు. ఈ విభజన మనుషుల మొండితనం వల్ల వచ్చింది కాదు. దేశంలో వ్యసన విముక్తి కేంద్రాలకు నిధులిచ్చేది ప్రధానంగా సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ. మానసిక వైద్యం ఆరోగ్య శాఖది. సిబ్బంది వేరు, రిజిస్టర్లు వేరు. ఇక వ్యసన వైద్యం అందుతున్నవారే తక్కువ: సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించిన 2019 నాటి సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

చట్టం మాత్రం ఈ రెంటినీ విడదీయలేదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017, మద్యం, మత్తు పదార్థాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక జబ్బు నిర్వచనంలోనే చేర్చింది. గొలుసులతో కట్టేయడాన్ని ఏ రూపంలోనూ అనుమతించలేదు. అంటే చట్టప్రకారం, రోగిని గొలుసుతో కట్టేసే “సెంటర్” ఏ పేరుతో నడిచినా నేరానికి దగ్గరలోనే ఉంది. అలాంటి చోట నెల రోజులు గడిపి వచ్చినవాడు తర్వాత ఏ వైద్యుడి దగ్గరికీ రాడు.

ఒకే బృందం రెండు జబ్బులనూ ఒకేసారి చూడటం అన్న పద్ధతిని అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, మ్యూసర్ తదితరులు 1980, 90 దశకాల్లో తీర్చిదిద్దారు. మొదట రోగితో నమ్మకం కుదుర్చుకోవడం, తర్వాత మానాలన్న కోరిక అతనిలోనే పుట్టించడం, ఆ తర్వాతే మాన్పించడం, చివరకు మళ్లీ జారకుండా చూడటం. మొదటి రెండు మెట్లకే నెలలు పడతాయి. ఆ నెలల్లో అతను తాగుతూనే ఉంటాడు, వైద్యమూ నడుస్తూనే ఉంటుంది. తాగుడు తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ మందులున్నాయి. క్లోజపిన్ వాడేవారిలో మత్తు వాడకం తగ్గినట్టు కొన్ని అధ్యయనాలు చూపాయి. ఇదంతా అద్భుతాలు చేస్తుందని చెప్పను: అందుబాటులోని ప్రయోగాలన్నీ పోల్చి చూసిన కాక్రేన్ సమీక్షలో ఏ ఒక్క కౌన్సెలింగ్ పద్ధతీ మరోదాని కంటే మెరుగని గట్టిగా తేలలేదు. పదేళ్ల పాటు రోగులను వెంబడించిన న్యూహాంప్‌షైర్ అధ్యయనంలో మాత్రం చాలామంది, మధ్యలో జారిపడుతూనే, ఏడాదికేడాది మెరుగవుతూ వచ్చారు.

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రికి తోడు, 2022 నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ, ములుగు, నర్సంపేట, జగిత్యాల, మంచిర్యాల లాంటి చోట్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ ఉన్నచోట మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. రెండు జబ్బులనూ ఒకే ఓపీలో చూడటానికి దీనికి మించిన కొత్త భవనం, కొత్త పథకం అక్కర్లేదు. సూది కోసం నెలకోసారి వచ్చే రోగిని, మాటలు వినిపిస్తున్నాయా అని అడిగిన ఆ నోటితోనే, ఈ నెల ఎన్ని రోజులు తాగావు, ఏం తాగావు అని అడిగి అదే చీటీలో రాయాలి. తాగానని చెప్పినందుకు వచ్చే నెల సూది ఆపకూడదు. మధ్యలో ఇంటివాళ్లకు ఏం చేయాలో తోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మత్తుకు సంబంధించి 14446 ఉంది.